ఒకటి రెండు చోట్ల ఉప్పుమంచు

వీరరాఘవులుకు ఉన్నది ఒకటే జబ్బు. ఏ సంగతైనా వాతావరణ వార్తల్లాగే చెబుతాడు. అదీ మామూలుగా కాదు, వెనకటి రోజుల్లో సాయంత్రం పూట రేడియోలో వచ్చేవే, ఆ ఫక్కీలో. కూర మాడిందని నోటితో అనడు. "వంటగదిలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న ప్రాంతాల్లోనూ పొగ దట్టంగా అలముకుంది. రాగల అరగంటలో ఉరుములతో కూడిన జల్లులు పడే అవకాశం ఉంది" అంటాడు. ఆ ఉరుములూ జల్లులూ ఆయన భార్య చాముండేశ్వరమ్మ. కొడుకు మహీధర్ ఆఫీసు నుంచి మొహం వేలాడేసుకుని వస్తే "అల్పపీడనం గుమ్మం దాటి సోఫా దిశగా కదులుతోంది" అంటాడు. మనవరాలు హర్షిణికి లెక్కల్లో మార్కులు తగ్గితే "సాధారణం కన్నా కొద్దిగా తక్కువగా నమోదయ్యాయి" అంటాడు. ఆ మాటకు ఆ పిల్ల వెంటనే "థాంక్యూ తాతా" అంటుంది.

"పెళ్ళిచూపులనాడు నన్ను చూసి వాళ్ళ నాన్నతో ఏమన్నారో తెలుసా?" అని చాముండేశ్వరమ్మ కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంటుంది. "'ఆకాశం నిర్మలంగా ఉంది' అన్నారు. పొగిడారనుకుని సిగ్గుపడి తలూపాను. ఆ తర్వాత తెలిసింది, ఈయనకు ఇంకో భాష రాదని."

ఈ విద్య ఆయనకు కృష్ణా కరకట్ట పక్కనున్న సొంతూళ్ళో అబ్బింది. పంచాయతీ ఆఫీసులో ఒక రేడియో, దాని డాబా మీద ఒక మైకు ఉండేవి. ఆ రేడియో మీట తిప్పే హక్కు ఊరు మొత్తమ్మీద వీరరాఘవులు ఒక్కడిదే. చదివింది ఎనిమిదో తరగతి, అదీ ఊరి బళ్ళోనే. అయితేనేం? ఆ ఎనిమిదిలోనే వ్యాసరచనలో తాలూకా ఫస్టు! ఊళ్ళో సైకిలుకు డైనమో లైటు బిగించిన మొదటి మగాడు ఆయనే. కలెక్టరు గారు ఊరికొస్తే అందరూ దండలు వేశారు కానీ, సాయంత్రానికి వాన తప్పదని చెప్పి గొడుగిచ్చి పంపినవాడు ఆయనొక్కడే. వాన పడలేదు, అది వేరే సంగతి. గొడుగు తిరిగి రాలేదు, అదీ వేరే సంగతే. కొడుకు దగ్గరికి కెనడాలోని విన్నిపెగ్ వచ్చిన మొదటి చలికాలం, ఊరంతా గడ్డకట్టుకుపోయిన రోజున, పంచె కట్టుకుని వీధి చివర ఉత్తరాల పెట్టె దాకా నడిచి వెళ్ళి వచ్చిన ఘనత కూడా ఆయనదే. ఇంటికి చేరేసరికి ఆ పంచె రేకులా బిగుసుకుపోయింది. దాన్ని మడత పెట్టలేక గోడకు ఆనించారు.

కెనడాలో ఆయనకు పంచాయతీ మైకు లేదు. ఫోను ఉంది. వాళ్ళ వీధి చంద్రవంకలా వంపు తిరిగి ఉంటుంది. అందులో నాలుగైదు తెలుగు ఇళ్ళు. చలికాలం ముగిసి మంచు కరగడం మొదలుపెట్టిందంటే, రోజూ సాయంత్రం టీ తాగి, గొంతు సవరించుకుని, ఇంటింటికీ ఫోను చేసి బులెటిన్ చదువుతాడు. ఎవరూ అడగలేదు. అయినా ఆగదు.

ఆ బులెటిన్‌లో ఇంకో విశేషం ఉంది. సెల్‌ఫోను నాలుగు డిగ్రీలంటే ఆయన ఒకటి అంటాడు. సెల్‌ఫోను రెండంటే ఆయన సున్నా కిందికి దింపుతాడు.

"తాతా, ఇట్స్ ప్లస్ ఫోర్! లుక్!" అని హర్షిణి స్క్రీను మొహాన పెడుతుంది.

"అది గాలి లెక్క తల్లీ. తాతది నేల లెక్క. మొక్క ఉండేది గాలిలోనా, నేలలోనా?"

"ఇన్ ఎ పాట్, తాతా."

ఇక బులెటిన్ చివర ఎప్పుడూ ఒకటే ముక్తాయింపు: "ఒకటి రెండు చోట్ల ఉప్పుమంచు పడే సూచనలున్నాయి." ఇక్కడివాళ్ళు ఫ్రాస్ట్ అంటారే, తెల్లారేసరికి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు పేరుకునే మంచు, దానికి ఆయన పెట్టుకున్న పేరు అది. వీధి చివరింటి కమలకుమారి ఆ ఫోను రాగానే స్పీకరులో పెట్టి, ప్రెషర్ కుక్కరు పక్కన ఉంచి, మధ్యమధ్యలో "ఊఁ అన్నయ్యగారూ" అంటూ తన పని తాను చేసుకునేది. ఒకసారి కుక్కరు కూత పెట్టింది. "మీ ప్రాంతంలో ఈదురుగాలులు మొదలైనట్టున్నాయి, కిటికీలు వేసుకోమ్మా" అన్నాడు.

ఇంత వెటకారం చేసినా, ఆ ఉప్పుమంచు మాటంటే ఆడవాళ్ళందరికీ లోపల దడే. కారణం కరివేపాకు. ఈ ఊళ్ళో కరివేపాకు మొక్కంటే మొక్క కాదు, ఇంట్లో మనిషి. చలికాలమంతా హాల్లో కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఆకు రాలితే బెంగపెట్టుకుని, వసంతం రాగానే ఎండ తగలాలని బయటికి తెస్తారు. మే నెల లాంగ్ వీకెండు దాటేదాకా బయట పెట్టకూడదని ఇక్కడి నియమం. మనవాళ్ళు ఆగరు. సూర్యుడు కనిపిస్తే చాలు, కుండీలన్నీ గుమ్మాల ముందుకొస్తాయి. ఒక్క రాత్రి ఉప్పుమంచు పడితే ఏళ్ళ తరబడి పెంచిన చెట్టు తెల్లారేసరికి నల్లబడి వేలాడుతుంది. చాముండేశ్వరమ్మ చెట్టయితే హర్షిణి కన్నా ఒక ఏడాది పెద్దది, పొడుగులోనూ పైచేయి దానిదే.

ఈ ఏడాది వసంతం ఎలా ఉండబోతోందో టీవీలో చెప్పారు. రాత్రుళ్ళు మామూలు కన్నా చల్లగా ఉంటాయి, మే నెలాఖరు దాకా ఫ్రాస్ట్ పడినా పడవచ్చు అని. వీరరాఘవులు మొహం శుభలేఖ అందుకున్నట్టు వెలిగిపోయింది.

"విన్నావుటే? ప్రభుత్వంవారు నా దారికొచ్చారు!"

చాముండేశ్వరమ్మ మనసు మాత్రం ఆ రోజుల్లో మంచు మీద లేదు, ఎదురింటి అనిత మీద ఉంది. నల్లగొండ అమ్మాయి. తొలి కాన్పు, ఆడపిల్ల పుట్టి ఇంకా నెల తిరగలేదు. మొగుడు రేవంత్‌కు ఎక్కడో ఉత్తరాన కరెంటు ప్రాజెక్టులో ఉద్యోగం, వెళ్ళాడంటే వారాల తరబడి అక్కడే. తల్లి రావాలి, వీసా రాలేదు. అంత పెద్ద ఇంట్లో పసిగుడ్డుతో ఒక్కతే! బాలింత అలా ఒంటరిగా ఉండటం చాముండేశ్వరమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వెల్లుల్లి కారం, నెయ్యి, వేడన్నం పట్టుకుని వెళ్తే ఆ పిల్ల తలుపు జానెడు తెరిచి నవ్వింది.

"ఎందుకాంటీ మీకు శ్రమ? నేను మంచిగనే ఉన్న. అన్నీ ఆన్‌లైన్ల తెప్పించుకుంటున్న."

"నూనె రాసి నీళ్ళు పోసి వెళ్తానమ్మా పిల్లకు. గంట పని."

"వద్దాంటీ, ప్లీజ్. అవసరముంటే నేనే కాల్ చేస్త కదా."

కాల్ రాలేదు. కమలకుమారి వెళ్ళినా ఇదే జవాబు. పిల్ల మంచిదే, మర్యాదస్తురాలే. కానీ ఒకరి దగ్గర చెయ్యి చాపడం ప్రాణం మీదికి వచ్చినా చేతకాని జాతి. ఆ జాతిని బయటి నుంచి ఆదుకునే దారేమిటో చాముండేశ్వరమ్మకు అంతుపట్టలేదు.

అలాంటి ఒక సాయంత్రం వీరరాఘవులు బులెటిన్‌లో కొత్త ముక్క చేరింది: "ప్రజలు తమ కుండీలను ఎదురింటి అనితమ్మ గరాజ్‌కు తరలించవలసిందిగా విజ్ఞప్తి."

చాముండేశ్వరమ్మ చేతిలో గరిటె జారిపోయింది. "ఏమండీ! మీకు మతి ఉందా? అది బాలింతరాలి ఇల్లు, గోడౌను కాదు!"

"వాళ్ళ గరాజ్‌లో హీటరుంది. వెనకటి ఓనరు కార్లు బాగుచేసుకోవడానికి పెట్టించుకున్నాడట. ఈ వీధిలో ఇంకెవరికుంది?"

"మనింట్లో హీటరు లేదా? హాల్లో పెట్టుకుంటాం, ఎప్పట్లాగే."

"హాల్లో తేమ శాతం సరిపోదు."

"ఇన్నేళ్ళూ సరిపోయిందిగా!"

"అప్పుడు వేరే వాతావరణం. పద పద, చీకటి పడితే ఎవరింటికీ వెళ్ళకూడదంటావు మళ్ళీ."

ఆ సాయంత్రం ఆ వీధిలో సాగిన ఊరేగింపు చూసి తీరాలి. ముందు వీరరాఘవులు, మంకీ క్యాపుతో, దారి చూపిస్తూ. వెనక మహీధర్, చక్రాల బల్ల మీద కరివేపాకు చెట్టును తోస్తూ, దారి పొడుగునా విసుక్కుంటూ. ఆ వెనక చాముండేశ్వరమ్మ సిగ్గుతో తల వంచుకుని, చేతిలో తులసి కుండీతో. అందరికన్నా వెనక కమలకుమారి. ఆవిడ తన కరివేపాకును మనవడి పాత స్ట్రోలర్‌లో కూర్చోబెట్టి, శాలువా కప్పి తోసుకొస్తోంది. కుక్కను తిప్పుతున్న తెల్లావిడ ఆగి, ప్రేమగా "హౌ ఓల్డ్?" అనడిగింది.

"ఫైవ్ ఇయర్స్" అంది కమలకుమారి గర్వంగా.

తెల్లావిడ శాలువా తొలగించి చూసి, కుక్కను లాక్కుని వెళ్ళిపోయింది.

అనిత గరాజ్ తలుపు తీసింది. ఈసారి జానెడు కాదు, పూర్తిగా. కుండీలు లోపల సర్దారు. సర్దాక ఊరికే వెళ్ళిపోవడమెలా? బాలింత ఇంటికి వట్టి చేతులతో వెళ్ళకూడదని కమలకుమారి పొట్లకాయ కూర తెచ్చింది. లోపల పసిపిల్ల ఏడిస్తే చాముండేశ్వరమ్మ చెయ్యి ఊరుకోలేదు, ఎత్తుకుంది. పొద్దున్నే మళ్ళీ కుండీలు బయట పెట్టాలిగా, మళ్ళీ అందరూ. సాయంత్రం మళ్ళీ బులెటిన్, మళ్ళీ ఊరేగింపు. వారం తిరిగేసరికి గరాజ్‌లో నాలుగు మడతకుర్చీలు వెలిశాయి, ఒక ఫ్లాస్కు వచ్చి చేరింది. ఎవరు తెచ్చారో ఎవరికీ తెలియదు.

అంతా బాగానే ఉంది కానీ, ఉప్పుమంచు మాత్రం పడదు. తెల్లారి లేచి చూస్తే గడ్డి పచ్చగా, ఎండ వెచ్చగా. చాముండేశ్వరమ్మకు తల కొట్టేసినట్టుండేది. సొంతూళ్ళోనూ ఇంతే. తుఫానొస్తోందని మైకులో చెప్పి మూడుసార్లు జనాన్ని బడిలోకి తోలాడు. మూడుసార్లూ చినుకు పడలేదు. మూడోసారి ఆవిడ అన్నం కుండ నెత్తిన పెట్టుకుని వెన్నెల్లో ఇంటికి నడిచి వచ్చింది. ఇప్పుడు ఖండాలు దాటి వచ్చి మళ్ళీ అదే భాగోతం, అదీ పచ్చి బాలింత నెత్తిన!

ఒక రోజు నిజంగానే వేడి పుట్టింది. సాయంత్రమైనా చొక్కా చాలు. ఆ పూట కూడా బులెటిన్‌లో "ఒకటి రెండు చోట్ల" అని వినిపించేసరికి మహీధర్‌కు ఓపిక చచ్చింది.

"నాన్నా, రాత్రికి తొమ్మిది డిగ్రీలు! ప్లస్ తొమ్మిది! ఎక్కడ పడుతుంది ఫ్రాస్ట్? ఫ్రిజ్‌లోనా?"

"గాలి తిరిగితే చెప్పలేం."

"రేవంత్ అక్కడి నుంచి ఫోన్ చేసి ఏమైనా అంటే నా పరువేం కావాలి? అమ్మా, ఇప్పుడే మన వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తున్నా. 'నాన్న మాట నమ్మకండి, అనితను ఇబ్బంది పెట్టకండి, ఎవరి మొక్క వాళ్ళింట్లోనే' అని."

"పెట్టరా" అంది చాముండేశ్వరమ్మ. "కానీ ఒక్క పది నిమిషాలాగు. ముందు నేను వెళ్ళి ఆ పిల్లకు క్షమాపణ చెప్పుకుని వస్తా. మొగుడు చేసిన పనికి పెళ్ళామే తల వంచాలి కదా."

వీరరాఘవులు ఏదో అనబోయి, కిటికీలోంచి ఎదురింటివైపు చూసి ఊరుకున్నాడు. బులెటిన్ లేకుండా ఆయన ఊరుకోవడం చాముండేశ్వరమ్మకు వింతగా తోచింది కానీ, ఆగలేదు.

అనిత తలుపు తీసింది. తల్లోంచి కుంకుడు వాసన. మొహం తేటగా ఉంది. నెల కిందటి పిల్లేనా అనిపించింది.

"అమ్మా, ఏమనుకోకు. ఆయనకు చిన్నప్పటి నుంచీ ఈ వాతావరణం పిచ్చి. రేపటి నుంచి ఎవరూ రారు. నీకు ప్రశాంతంగా ఉంటుంది."

అనిత నవ్వు ఆగిపోయింది. "ఎవరూ రారా?"

"రారమ్మా. నేను చూసుకుంటాగా."

అనిత భుజం మీదున్న పిల్ల వీపు నిమిరింది. "ఆంటీ, ఒక మాట చెప్పాల్నా? మొదటి రోజు అంకుల్ వచ్చి ఇదే గుమ్మంల నిలబడ్డరు. 'అమ్మా, నువ్వే నన్ను కాపాడాలి. కరివేపాకు చస్తే మా ఆవిడ నన్ను ఇంట్లకెళ్ళి వెళ్ళగొడ్తది' అన్నరు. ఆ రోజు నేను పొద్దటి నుంచి తల దువ్వుకోలే, అన్నం తినలే. పిల్ల ఏడుస్తుంటే నేను కూడా ఏడుస్తున్న. అయినా, పాపం, పెద్దమనిషి సాయమడిగిండు కదా అని తలుపు తీసిన. నాకు సాయం చేస్తమంటే తీయకపోతుంటి ఆంటీ. మీకే తెలుసు కదా."

"తెలుసమ్మా" అంది చాముండేశ్వరమ్మ.

"ఫ్రాస్ట్ పడ్తలేదని నాకు తెల్వదా? నా దగ్గర కూడా ఫోనుంది." అనిత మళ్ళీ నవ్వింది. "మీరందరు వచ్చిన దగ్గరి నుంచి పిల్ల రాత్రి పండుకుంటుంది. నేను కూడా."

చాముండేశ్వరమ్మ ఆ మోకాళ్ళతో అంత వేగంగా వీధి దాటడం ఎవరూ చూసి ఉండరు. ఇంట్లోకి వస్తూనే కేక పెట్టింది. "ఒరే మహీ! పెట్టకు! పెట్టకురా గ్రూపులో!"

"ఏమైందమ్మా?"

"నా మోకాళ్ళు లాగేస్తున్నాయి. ఇవాళ మంచు తప్పదు. పద, చెట్టు ఎత్తు!"

"తొమ్మిది డిగ్రీలమ్మా!"

"అది గాలి లెక్కరా. మోకాళ్ళది నేల లెక్క."

మహీధర్ అమ్మను చూశాడు, నాన్నను చూశాడు. "డబుల్ ట్రబుల్, డాడీ" అంది హర్షిణి. మహీధర్ చెట్టు ఎత్తాడు.

దారిలో కమలకుమారి స్ట్రోలర్‌తో ఎదురైంది. చాముండేశ్వరమ్మ సర్ది చెప్పబోయింది. "వదినా, ఈ పూట కాస్త వేడిగా ఉన్నట్టనిపించినా..."

"ఊరుకో వదినా. చొక్కాలు విప్పుకునే వేడిలో ఉప్పుమంచేమిటి? ఆ పసిదాన్ని ఒక్కసారి ఎత్తుకోకపోతే నాకు ముద్ద దిగట్లేదు. జరుగు, నా చెట్టుకు జలుబు చేస్తుంది."

ఆ సాయంత్రం తిరిగొచ్చాక, ఇంటి వెనక చెక్కమెట్ల మీద మొగుడూ పెళ్ళాం కూర్చున్నారు. ఇంకా వెలుతురుంది.

"మీకెలా తెలిసిందండీ, ఆ పిల్ల అంత దిగులుగా ఉందని? మాకు మనిషి కనబడ్డా తెలియలేదు. మీరు ఫోనులో బులెటిన్ చదవడమేగా."

వీరరాఘవులు మంకీ క్యాపు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "చూడవే, ఊళ్ళో పంచాయతీ రోజుల నుంచీ చదువుతున్నాను. నా బులెటిన్ వినగానే కొందరు ఊఁ అంటారు, కొందరు 'స్టవ్ మీద పాలున్నాయి' అంటారు. నీలాంటివాళ్ళు తిడతారు. అనితమ్మ మాత్రం ఆ రోజు మొత్తం వింది. గాలిలో తేమ దగ్గర నుంచి సూర్యాస్తమయం దాకా! అంతా అయ్యాక, 'ఇంకా చెప్పండి అంకుల్' అంది."

"అయితే?"

"అయితే ఏమిటే? నా బులెటిన్ విని 'ఇంకా చెప్పండి' అన్న మనిషిని నా జన్మలో చూడలేదు. ఎంత ఒంటరిగా ఉంటే ఆ మాట అంటుంది!"

చాముండేశ్వరమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆయన మోకాలి మీద ఒక్కటి చరిచి, లోపలికెళ్ళి అడక్కుండానే ఇంకో టీ పెట్టింది.

మే నెల చివర అనిత తల్లికి వీసా వచ్చింది. ఆవిడ విమానం దిగి, రెండు పెద్ద పెట్టెలతో ఎదురింట్లో అడుగుపెట్టిన సాయంత్రం, వీరరాఘవులు బులెటిన్ చదువుతుంటే గొంతులో పండగ వినిపించింది. "వీధి అంతటా పరిస్థితి మెరుగుపడింది. ఆకాశం నిర్మలంగా ఉంటుంది. ఉప్పుమంచు పడే సూచనలు ఎక్కడా లేవు. ప్రజలు కుండీలను నిశ్చింతగా బయటే ఉంచుకోవచ్చు." ఆ మాట అనడానికి ఆయన సెల్‌ఫోను చూడలేదు. చూడటం ఎప్పుడో మానేశాడు. కావలసిన మంచు కురిపించుకునేవాడికి ఫోనుతో పనేముంది?

అన్న మాట మీద నిలబడే మనిషి కనుక, స్వయంగా విత్తనం వేసి మొలిపించిన గోంగూర కుండీలను కూడా గుమ్మం ముందు బారుగా పెట్టి పడుకున్నాడు.

చాముండేశ్వరమ్మకు మాత్రం అలవాటు ఊరుకోనివ్వలేదు. ఆ సాయంత్రమే కొత్తగా వచ్చినావిడను పలకరించాలి కదా, వట్టి చేతులతో ఎలా వెళ్తుంది? చక్రాల బల్ల మీద చెట్టును వెంట తీసుకెళ్ళింది. అక్కడ చూస్తే కమలకుమారి స్ట్రోలర్ ముందే ఉంది.

తెల్లారి తలుపు తీస్తే వీధి వీధంతా తెల్లగా! గడ్డి మీద, కార్ల మీద, మెట్ల మీద ఉప్పు చల్లినట్టు. చాముండేశ్వరమ్మ గుండె జారి, చెట్టు గుర్తొచ్చి, మళ్ళీ యథాస్థానంలో కూర్చుంది. పరుగున వెళ్ళి ఎదురింటి గరాజ్ తలుపు తెరిచింది. కరివేపాకులన్నీ పచ్చగా, నిక్షేపంగా, కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. "అమ్మయ్య!" అని అక్కడే మడతకుర్చీలో కూలబడింది.

మొత్తం వీధిలో మంచుకు దొరికినవి వీరరాఘవులు గోంగూర కుండీలే. ఆకులు నల్లబడి, గుడ్డపేలికల్లా వేలాడుతున్నాయి. ఆయన మంకీ క్యాపుతో వాటి ముందు నిలబడి ఉన్నాడు.

"మీ బులెటిన్ నమ్మింది మీరొక్కరేనండీ" అంది చాముండేశ్వరమ్మ.

"నాదే తప్పు" అన్నాడు వీరరాఘవులు. "ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే మంచు పడుతుంది. పెళ్ళిచూపులనాడే గ్రహించాల్సింది."

ఆ సాయంత్రం ఆయన ఎవరికీ ఫోను చేయలేదు. టీ చల్లారిపోయింది. అప్పుడే ఆయన ఫోను మోగింది. అనిత. చాముండేశ్వరమ్మ స్పీకరు నొక్కింది.

"అంకుల్, నమస్తే. ఇయ్యాల్టి వాతావరణ వార్తలు. నిన్న రాత్రి వీధిలో ఒకటి రెండు చోట్ల ఉప్పుమంచు కురిసి గోంగూర పంటకు తీవ్ర నష్టం వాటిల్లింది. ప్రాణనష్టం లేదు. బాధితుల సహాయార్థం, ఊరి నుంచి మా అమ్మ తెచ్చిన గోంగూర పచ్చడి సీసా ఒకటి కొద్ది సేపట్లో మీ ఇంటి దిశగా కదిలే అవకాశం ఉంది."

ఫోనులో వెనక నుంచి పసిపిల్ల కేరింత వినిపించింది. వీరరాఘవులు కుర్చీలో సర్దుకుని కూర్చుని, ఫోనును తన దగ్గరికి ఇంకాస్త జరుపుకున్నాడు.

"ఇంకా చెప్పమ్మా" అన్నాడు.